ఎడమ చెవిలో చెప్పినవి

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మిషన్ ఎక్కడ చెడిందో కళ్ళతో చూడడు, పళ్ళతో వింటాడు. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నా వంక జాలిగా చూస్తారు, అందుకని వివరంగానే చెబుతాను. ఆయన దగ్గర కర్ర పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉంది. ఆ పిడిని ఎడమవైపు దవడ పళ్ళ మధ్య గట్టిగా కరిచిపట్టుకుని, ఉక్కు కొసను నడుస్తున్న మిషన్‌కి ఆనిస్తాడు. కళ్ళు మూసుకుంటాడు. లోపల ఏ బేరింగ్ అరిగిందో, కింది దారం అందించే షటిల్ ఎక్కడ రాసుకుంటోందో, ఎక్కడికి నూనె అందడం లేదో అంతా పిడిలోంచి పళ్ళకీ, పళ్ళలోంచి తలలోకీ వచ్చేస్తుందట. బట్టలు కుట్టే షెడ్లవాళ్ళంతా ఆయన్ని చెవులాయన అంటారు. ఆ పిలుపు వినపడగానే ఎంత పొంగిపోతాడో పైకి కనిపించనివ్వడు గానీ, నాకు తెలియనిది కాదు.

మా దుకాణం ఒకటే గది. ముందు అద్దాల తలుపు, లోపల గోడ వారగా ఆయన బల్ల, దాని పక్కనే నా మిషన్. నేను ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, కర్టెన్లు కుడతాను. ఆయనకు ఎడమపక్కన నేను. భోజనాల బల్ల దగ్గరా అంతే, మంచం మీదా అంతే. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నేను చెప్పిన ప్రతి మాటా ఆయన ఎడమ చెవిలోనే పడింది. చెవిలో పడినదల్లా తలకెక్కిందని నేననడం లేదు.

దవడ గొడవ ఈ చెవి గొడవకి కొన్ని నెలల ముందు నుంచే ఉంది. తింటుంటే ఎడమవైపు టక్కుమని చప్పుడు వచ్చేది. బల్లకు ఇవతల కూర్చున్న నాకు కూడా వినపడేది. ఆవలిస్తే నోరు సగంలో పట్టేసేది. ఆ స్క్రూడ్రైవర్ కొరకడం మానండి అంటే, "కొరకడం కాదు, వినడం" అని నన్నే దిద్దేవాడు. చివరికి ఒకరోజు ఆపిల్ ముక్క కొరికి నోరు మూయలేక, తెరవలేక నిలబడిపోయాడు. అప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చాడు, అది కూడా నేను చెయ్యి పట్టుకుని లాక్కెళితే.

పళ్ళ డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. చెవి ముందు వేలు పెట్టి, నోరు తెరవమనీ మూయమనీ చాలాసేపు చూశాడు. "పళ్ళకేం కాలేదు. దవడ కీలు వాచింది. ఇన్నేళ్ళు కర్ర పిడి కరిచిపట్టుకుంటే వాయక ఏం చేస్తుంది?" అన్నాడు. వేడి కాపడం పెట్టమన్నాడు, మెత్తని తిండి తినమన్నాడు, పడుకునేటప్పుడు పళ్ళ మధ్య పెట్టుకోవడానికి ఒక తొడుగు ఇచ్చాడు. "ఈ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది. చెవి పోటు పెట్టినా, దిబ్బెడ వేసినట్టున్నా కంగారు పడకండి, ఇక్కడి నొప్పే అటు పాకుతుంది. వినికిడి తగ్గితే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి" అని కూడా చెప్పాడు. ఇందులో మొదటి సగం మా ఇద్దరికీ బాగా గుర్తుండిపోయింది. రెండో సగాన్ని మెట్లు దిగేలోపే మర్చిపోయాం. మన వీలుకి సరిపడే మాటే కదా గుర్తుండేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒకరోజు పొద్దున ఆయన లేస్తూనే ఎడమ చెవి దిబ్బెడ వేసిందన్నాడు. లోపల ఏదో హోరుగా ఉందన్నాడు. నేను నోరు విప్పేలోగానే, "దవడే" అని తీర్పు కూడా చెప్పేశాడు. సరే అని గుడ్డ వేడి చేసి ఇచ్చాను. ఈలోగా మా ఆడపడుచు నూనె సీసాతో దిగింది. ఆవిడ పై వాటాలో ఉంటుంది. తమ్ముడు ఇక్కడ తుమ్మితే అక్కడ ఆవిడకు వినపడుతుంది.

"చెవిలో నాలుగు చుక్కలు గోరువెచ్చగా పోస్తే ఇట్టే వదిలిపోతుంది" అంది.

"దవడకి వాపైతే చెవిలో నూనె ఎందుకు వదినా?" అన్నాను.

"నా తమ్ముడి చెవి, నా నూనె. నీకేంటి నష్టం?"

సీసా పుచ్చుకుని వంటింట్లో పెట్టేశాను. ఆవిడ ఆ పూటంతా మూతి ముడుచుకుంది. ఆ ఒక్క పనీ ఆ రోజు నేను సరిగ్గా చేశాను.

దుకాణం తెరిచాక సంచులు కుట్టే పెద్ద మిషన్ ఒకటి బల్ల మీదకి ఎక్కించాడు. డాక్టరు వద్దన్న స్క్రూడ్రైవర్ తీసి, డాక్టరు వద్దన్న చోటే కరిచిపట్టుకుని, కొస ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మొహం విప్పారింది.

"బ్రహ్మాండంగా వినపడుతోంది. వెనక బేరింగ్ పోయింది, ఇంకేం లేదు. చెవిలో దోషం ఉంటే ఇంత స్పష్టంగా వినపడుతుందా? దవడ వాపు, అంతే" అన్నాడు.

విప్పి చూస్తే నిజంగానే వెనక బేరింగ్ పోయింది. ఇలాంటి పొరపాటు ఇంకో ఇంట్లో జరగదు. మామూలు మనిషికి చెవి పోతే పోయిందని తెలిసిపోతుంది. మా ఆయనకు చెవి పోయినా పళ్ళు పనిచేస్తూనే ఉన్నాయి.

ఆ రోజంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన పలకలేదు. అందులో నాకు వింతేమీ కనపడలేదు. పెళ్ళాం మాటకు చెవుడు రావడానికి ఏ మొగుడికీ జబ్బు అక్కర్లేదు. దారం రంగు ఏది బాగుంటుందని ఒకటికి రెండుసార్లు అడిగి, విసుగొచ్చి నాకు నచ్చింది ఎక్కించేసుకున్నాను.

మర్నాడు ఫోన్ మోగింది. కుడి చేతిలో పనిముట్టు ఉంటుంది కాబట్టి ఆయన ఎప్పుడూ ఫోన్‌ని ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటాడు. "హలో" అన్నాడు. మళ్ళీ "హలో" అన్నాడు. "ఎవరో గానీ మాట్లాడరు" అని పెట్టేశాడు. ఇంకోసారి మోగింది, మళ్ళీ అదే తంతు. మధ్యాహ్నానికి కర్టెన్ల షెడ్డు మేస్త్రి చెమటలు కక్కుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏం చెవులాయనా, మామీద కోపమా? చేసినప్పుడల్లా పెట్టేస్తున్నారు. అక్కడ రెండు మిషన్లు ఆగిపోయాయి."

"ఫోన్ పాడైంది. గాలి తప్ప ఏం రావట్లేదు" అన్నాడు మా ఆయన.

మేస్త్రిని గుమ్మం బయటికి పంపి, అక్కణ్ణుంచి ఫోన్ చెయ్యమని, నేను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. మేస్త్రి గొంతే కాదు, వెనక పోతున్న బండి హారన్ కూడా ఖణేల్‌మని వినపడింది. మా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, కుడి చెవి మీద మడతపెట్టిన గుడ్డ ఉంచి, నా అరచెయ్యి గట్టిగా అదిమిపెట్టి, ఎడమ చెవి దగ్గరగా వంగి, "రేపట్నుంచి మీ అక్కని మన గడప తొక్కనివ్వను" అన్నాను. వినపడి ఉంటే ఆ మనిషి స్టూలు మీంచి ఎగిరి పడాలి. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. "ఊఁ, చెప్పు మరి" అన్నాడు.

నేను చెప్పేశానని చెబితే నమ్మలేదు. స్క్రూడ్రైవర్ తీసి నోట్లో పెట్టుకుని, నా మిషన్ తొక్కమన్నాడు. కుడి చెవి తనే మూసుకున్నాడు. "ఇదిగో, కుడి చెవి మూసినా వినపడుతోంది. ఎడమది బాగా లేకపోతే ఎలా వినపడుతుంది?" అన్నాడు. "నిజమే కదమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ క్షణంలో ఇద్దర్నీ కలిపి బయటికి గెంటాలనిపించింది. దెబ్బలాడితే లాభం లేదని, "సరే, దవడే. ఆ దవడ డాక్టరుకే చూపిద్దాం పదండి" అన్నాను. దానికైతే లేచాడు.

పళ్ళ డాక్టరు మేం చెప్పింది విని, దవడ ముట్టుకోలేదు. మా ఆయన వెనక నిలబడి, ఒక్కో చెవి పక్కనా వేళ్ళు రాపాడించి, వినపడినప్పుడు చెప్పమన్నాడు. కుడివైపు చెప్పాడు. ఎడమవైపు డాక్టరు వేళ్ళు అలా రాపాడిస్తూనే ఉన్నాడు. డాక్టరు మొహంలో నెమ్మది పోయింది. "కీలు సంగతి తర్వాత. ఇప్పుడే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంటికెళ్ళి భోంచేసి వెళదాం అనుకోకండి" అని, తనే ఫోన్ చేసి మేం వస్తున్నామని చెప్పాడు.

చెవి డాక్టరు మాకో అమ్మాయి ఉంటే ఆ వయసుండే పిల్ల. రెండు కాళ్ళ ఉక్కు ఫోర్కు ఒకటి తన మోచేతికి కొట్టి, అది ఝుమ్మంటుండగా మా ఆయన నుదుటి మధ్యలో ఆనించింది.

"ఎటువైపు వినపడుతోంది?"

"కుడివైపు."

"నేను మధ్యలో పెట్టాను కదా?"

"పెట్టారు. అయినా అంతా కుడివైపే ఉంది." అప్పుడు ఆయన గొంతు మొదటిసారి తగ్గింది.

తర్వాత ఆయన్ని చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. నేను బయట నిలబడి చూస్తున్నాను. కుడి చెవికి పెట్టినంతసేపూ బొటనవేలు చకచకా నొక్కింది. ఎడమ చెవికి మార్చాక వేలు మీట మీద అలాగే ఉండిపోయింది. ఆయన అద్దంలోంచి నా వంక చూశాడు. శబ్దం వస్తోందా, నువ్వు చెప్పు, అన్నట్టు చూశాడు. నాకు మాత్రం ఏం తెలుస్తుంది.

స్క్రూడ్రైవర్ సంగతి చెబితే డాక్టరు నవ్వలేదు. "పళ్ళ మీంచి వచ్చే శబ్దం ఎముకల్లోంచి రెండు చెవులకీ పోతుంది. కుడి చెవి విని మీకు చెప్పింది. ఎడమది లోపల నరం దగ్గర దెబ్బతింది. అందుకే మీకు తేడా తెలియలేదు" అంది.

"దవడ వల్లే వచ్చిందామ్మా?" అన్నాడు మా ఆయన.

"దవడ కీలు జబ్బు ఉన్నవాళ్ళలో ఇలా ఉన్నట్టుండి వినికిడి పోవడం కాస్త ఎక్కువని అనేవాళ్ళు ఉన్నారు. రెండింటికీ సంబంధం ఉంటే ఉండొచ్చు. ఇది దానివల్లే వస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేరు. చాలామందికి అసలు కారణమే దొరకదు. సంబంధం ఉన్నా లేకపోయినా, దవడేలే అని ఇంట్లో కూర్చోవడం మాత్రం తప్పు. మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. మీరు మరీ ఆలస్యం చెయ్యలేదు."

"తిరిగి వస్తుందా?" ఇది నేను.

"కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదు. మాత్రల కోర్సు అయ్యాక మళ్ళీ పరీక్ష చేద్దాం. చాలకపోతే చెవిలోకే ఇంజెక్షన్ ఇస్తాం."

రక్తపరీక్ష చేయించి స్టిరాయిడ్ మాత్రలు రాసింది. తిరిగొస్తుంటే దారిలో మా ఆయన నడుస్తూ నడుస్తూ చప్పుడు చెయ్యకుండా నా ఎడమవైపుకి వచ్చేశాడు, కుడి చెవి నావైపు ఉండేట్టు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు.

ఇంటికొచ్చాక, "బల్లలు మార్చుకుందాం. నువ్వు కుడివైపు కూర్చుంటే సరిపోతుంది కదా" అన్నాడు.

"అక్కర్లేదు."

"నీ మంచికే చెబుతున్నాను."

"మారిస్తే ఆ చెవిని వదిలేసుకున్నట్టే. నేను కదలను" అన్నాను. నా మొండితనం ఆయనకు కొత్త కాదు.

ఆ సాయంత్రం నుంచి రోజూ దుకాణం మూశాక నేనే ఒక పరీక్ష పెట్టాను. ఆయన కుడి చెవిలో దూది పెట్టుకుని, పైన అరచెయ్యి అదిమిపెట్టుకోవాలి. నేను ఎడమవైపు కొంచెం వెనగ్గా నిలబడతాను, పెదాలు కనపడకుండా. చెప్పే మాట ఆయన ఊహకు అందనిది అయి ఉండాలి, లేకపోతే గాల్లో రాయి వేసి గెలిచేస్తాడు. మొదటి రోజు, "ఆ మీసం మీకు నప్పదు, పెళ్ళిచూపుల్లోనే అనుకున్నాను" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, "మీ అక్క చేసిన సూప్‌లో ఉప్పు సముద్రమంత ఉంది, మీరు లొట్టలేసుకుంటూ తాగితే నాకు ఒళ్ళు మండింది" అన్నాను. చెయ్యి తీసి, "ఏమన్నావు?" అనేవాడు. "వాన వచ్చేట్టుంది అన్నాను" అనేదాన్ని.

నిజం చెప్పాలంటే, బాధలోనే నాకు అందులో రుచి కూడా తగిలింది. ఎదురు చెప్పని మొగుడు ఎవరికి దొరుకుతాడు. కడుపులో ఉన్నదంతా అక్కడ కక్కేసి తేలికపడ్డాను. తిట్లు అయిపోయాక ఒకరోజు, "మీరు మిషన్‌కి నూనె వేస్తుంటే మీ చేతుల్ని చూస్తూ నేను కుట్టు తప్పుతుంటాను, మీకు తెలీదు" అని నోరు జారాను. ఎవరూ వినలేదని తెలిసి కూడా చెవులు ఎర్రబడ్డాయి.

మాత్రలు ఆయన్ని మనిషిలా ఉండనివ్వలేదు. ఆకలి ఆగదు, నిద్ర పట్టదు, ఊరికే చిరాకు. దవడకు శ్రమ లేకుండా అన్నీ మెదిపి పెట్టాలి. మా ఆడపడుచు పూటకో గిన్నె పట్టుకుని దిగేది. నూనె సీసా విషయం ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. స్క్రూడ్రైవర్ పిడిని ఇంక కరవకూడదని పళ్ళ డాక్టరు మళ్ళీ ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. అప్పుడు మేస్త్రి ఎక్కడో ఇంజన్లు చూసేవాళ్ళ దగ్గర సంపాదించి, కొసన ఇనుప కడ్డీ ఉన్న స్టెతస్కోపు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు మా ఆయన మాటకి వంతపాడిన తప్పు అలా దిద్దుకున్నాడనుకుంటాను. మా ఆయన దాన్ని రెండు రోజులు ముట్టుకోలేదు, తలవంపు అనుకున్నాడు. మూడో నాడు ఎవరూ లేనప్పుడు మెడలో వేసుకున్నాడు. కుడి చెవితోనే మిషన్ కడుపులో ఏముందో చెప్పేశాడు. వచ్చేపోయేవాళ్ళు, "ఏం డాక్టరుగారూ, బతుకుతుందా?" అని అడిగేవాళ్ళు. "ఆలస్యంగా తెచ్చారు, అయినా చూద్దాం" అనేవాడు గంభీరంగా. మెల్లగా దవడలో టక్కుమనే చప్పుడు తగ్గింది. ఆవలింత నిండుగా వచ్చిన రోజు మేమిద్దరం దాన్నే పండగ చేసుకున్నాం. చెవి ఊసు మాత్రం ఆయన ఎత్తేవాడు కాదు, హోరు ఉందా అంటే ఉంది అనేవాడు, అంతే.

ఆఖరి మాత్ర వేసుకున్న రోజు ఆయన ఆ ఖాళీ అట్టని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి చెత్తబుట్టలో వేశాడు. మర్నాడే పరీక్ష. రాకపోతే ఇంజెక్షన్, అదీ కాకపోతే ఇక అంతే. దుకాణం మూసి, దూది పెట్టుకుని, చెయ్యి అదిమిపెట్టుకుని, స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు. ఆయన నడక మీద ఒక వేళాకోళం ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన మెడ వెనక నెరిసిన వెంట్రుకలు చూసేసరికి అది కాస్తా ఎగిరిపోయింది.

"నాకు భయంగా ఉందండీ. ఈ చెవి రాకపోయినా మీరు ఎలాగో సర్దుకుంటారు, మీ సంగతి నాకు తెలుసు. నేనే సర్దుకోలేను. ఇన్నేళ్ళూ నేను మాట్లాడింది దీనితోనే. ఇది వినదంటే, నేను ఇక ఎవరితో మాట్లాడుతున్నట్టు?" అన్నాను.

చెబుతుండగానే ఏడుపు వచ్చేసింది. కన్నీళ్ళు ఆయన భుజం మీద పడకుండా తల వెనక్కి పెట్టుకున్నాను. ఆయన చెయ్యి తీశాడు. "ఏమన్నావు" అంటాడని, వాన మాట సిద్ధం చేసుకున్నాను.

"ఎందుకేడుస్తున్నావు?" అన్నాడు.

"మీరు వెనక్కి తిరిగి చూశారు."

"చూడలేదు."

"అయితే భుజం తడిసి ఉంటుంది."

"లేదు, పట్టుకుని చూసుకో."

"మరి నేనేం చెప్పానో చెప్పండి."

"మాట ఒక్కటీ తెలియలేదు. గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు ఉంది. కానీ నువ్వు ఏడుస్తున్నావని తెలిసింది. నీ ఏడుపు నాకు తెలీదా?"

కుట్టి మడతపెట్టిన కర్టెన్ల కుప్ప మీద కూలబడి బావురుమన్నాను. ఓదార్చడానికి వస్తాడనుకున్నాను. ఆ మనిషి గబగబా కుడి చెవి మీద చెయ్యి మళ్ళీ అదిమిపెట్టుకుని, స్టూలు నా దగ్గరికి జరుపుకుని, ఎడమ చెవిని నావైపు వంచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఆపకు. ఇంకాస్త ఏడువు, సరిగ్గా చూద్దాం" అన్నాడు.

అలా అడిగితే ఏడుపు ఎక్కడ నిలుస్తుంది. ఆపుకుందామన్నా ఆగక నవ్వు తన్నుకొచ్చింది. ఆయన కళ్ళు తెరవలేదు. కాసేపు అలాగే విన్నాడు.

"ఇప్పుడు నవ్వుతున్నావు" అన్నాడు.